కుచ్చీయా అంటే గోధుమ పాయసం కాదండీ

ఇటలీలోని సిసిలీ దీవిలో, పలెర్మో నగరంలో ఒక మిఠాయి కొట్టు వంటింట్లో పనిచేస్తున్నాను. డిసెంబరు వచ్చిందంటే మాకు కుచ్చీయా టెన్షన్. 13న సాంతా లూచియా అనే క్రైస్తవ పునీతురాలి పండగ, ఆ రోజు సిసిలీ ఇళ్లలో ఉడికే గోధుమల వంటకం ఇది. ఊరి నుంచి ఫోన్ చేసే మనవాళ్లకు దీని మీద బోలెడు అపోహలు.

అపోహ: గోధుమరవ్వతో చేసేయొచ్చు.
వాస్తవం: రవ్వ పనికిరాదు, గింజకు గింజే ఉండాలి. పాయసం కన్నా మన గుగ్గిళ్లకు దగ్గర. గోధుమల్ని మూడు రోజులు నానబెడతాం, రోజూ నీళ్లు మారుస్తాం, తర్వాత సన్నమంట మీద గంటల తరబడి ఉడికిస్తాం. మొదటి ఏడాది నేను ఒక్క రాత్రి నానితే చాలనుకున్నాను. ఎంత ఉడికించినా పంటికింద రాయిలా తగిలాయి. మా యజమానురాలి అత్తగారు ఒక గింజ కొరికి చూసి, మారు మాట్లాడకుండా గిన్నె పక్కకు జరిపేశారు.

అపోహ: రికొట్టా బదులు పనీర్ వేస్తే సరి.
వాస్తవం: పనీర్ పాలు విరగ్గొట్టి చేస్తాం. రికొట్టా అలా కాదు. చీజ్ తీశాక మిగిలిన తేటను మళ్లీ కాస్తే పైకి తేలేదే రికొట్టా. పేరుకు అర్థం కూడా 'మళ్లీ వండినది' అనే. ఇక్కడ గొర్రెపాలదే వాడతాం. రాత్రంతా నీరు ఓడనిచ్చి, పంచదార కలిపి, జల్లెడలో రుద్ది గోధుమల్లో కలుపుతాం. పైన చాక్లెట్ ముక్కలు, పాకం పట్టిన గుమ్మడి, దాల్చినచెక్క పొడి.

ఇదంతా లేకుండా ఆలివ్ నూనె మాత్రమే వేసుకుని తినే ఇళ్లూ ఉన్నాయి. నాకైతే అదే ఇష్టం.

అపోహ: ఇది 1646 కరువులో పుట్టింది.
వాస్తవం: రేవుకు గోధుమల ఓడ వచ్చిందని, ఆకలికి ఆగలేని జనం పిండి పట్టకుండానే గింజలు ఉడికించుకున్నారని కథ. ఆ రేవు మాదంటే మాదని పలెర్మో, సిసిలీలోనే ఉన్న సిరకూసా ఇప్పటికీ వాదించుకుంటాయి. కానీ ఉడికించిన గోధుమలు అంతకంటే చాలా పాతవి. చనిపోయినవారి పేరిట గ్రీకు చర్చిల్లో పంచే కోలివా కూడా అవే.

అపోహ: ఆ రోజు ఉపవాసం.
వాస్తవం: పలెర్మోలో రొట్టె, పాస్తా మాత్రమే ముట్టరు. అన్నం ఉండలు వేయించిన అరంచినె, శనగపిండి పనెల్లె కడుపునిండా తింటారు. 'అరంచినె పైపూత రొట్టెపొడే కదా?' అని ఒకసారి అడిగాను. వంటింట్లో అందరికీ ఒకేసారి నూనె మూకుడు గుర్తొచ్చింది.