మన జాతీయ చిహ్నం: పనిలో రోజూ ఎదురయ్యే అపోహలు - వాస్తవాలు

డిజైన్, ప్రింటింగ్ పనిలో ఉన్నాను కాబట్టి సింహాల గుర్తున్న ఫైళ్ళు తరచూ వస్తుంటాయి, వాటితో పాటే ఈ అపోహలూ వస్తుంటాయి.

అపోహ: చిహ్నంలో ఉన్నవి మూడు సింహాలే.
వాస్తవం: నాలుగు. సారనాథ్‌లో అశోకుడి స్తంభం మీద వీపులు ఆనించుకుని నాలుగు దిక్కులా చూస్తున్న సింహాలవి, గుండ్రటి శిల్పాన్ని కాగితం మీద ఒకవైపు నుంచి గీస్తే వెనకది కనబడదు కదా. కింద దిమ్మె చుట్టూ ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం, మధ్యమధ్యలో చక్రాలు ఉంటాయి, మనకి కనిపించేది నడుమ చక్రం, మనం చూస్తుంటే ఎడమవైపు పరిగెత్తే గుర్రం, కుడివైపు ఎద్దు, రెండు చివర్లా చక్రాల అంచులు మాత్రమే. శిల్పానికి అడుగున గంటలా బోర్లించిన తామర ఉంది, 1950 జనవరి 26న తీసుకున్న చిహ్నంలో దాన్ని వదిలేశారు. ఇంకోటి, ఇది చాలామందికి తెలీదు, అసలు శిల్పంలో ఆ సింహాల పైన ఒక పెద్ద ధర్మచక్రం ఉండేది, విరిగిన ముక్కలే దొరికాయి. అందుకే సింహాలంటే ఉత్త బలం, గర్జన అనుకోవడం నాకు నచ్చదు, అవి ధర్మాన్ని తల మీద మోసినవి, ఆ సంగతి తెలిసి చూస్తే బొమ్మ అర్థమే మారిపోతుంది.

అపోహ: సత్యమేవ జయతే అని అశోకుడే చెక్కించాడు.
వాస్తవం: కాదండీ, అది ముండకోపనిషత్తులోది. సారనాథ్ స్తంభం మీద బ్రాహ్మీ లిపిలో ఉన్న శాసనం బౌద్ధ సంఘంలో చీలికలు తెచ్చే భిక్షువులు, భిక్షుణుల గురించి.

అపోహ: జాగా చాలకపోతే ఆ అక్షరాలు తీసేయొచ్చు.
వాస్తవం: దయచేసి తీయకండి. దేవనాగరిలో ఉన్న ఆ మాట కూడా చిహ్నంలో భాగమే. చిన్న సైజులకి సింపుల్ డ్రాయింగు, పెద్ద సైజులకి వివరంగా ఉన్న డ్రాయింగు అని చిహ్నం వాడకం గురించిన 2007 రూల్స్‌లోనే రెండు ఇచ్చారు, లెటర్‌హెడ్డు, సీలు లాంటి వాటికి మొదటిది వాడితే అన్నీ నీట్‌గా పడతాయి.

అపోహ: దేశభక్తితో ఎవరైనా కారు మీద, విజిటింగ్ కార్డు మీద వేయించుకోవచ్చు.
వాస్తవం: కుదరదు. చిహ్నాన్ని తప్పుగా వాడకుండా చేసిన 2005 చట్టం ప్రకారం రెండేళ్ళ దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మాజీ ఎమ్మెల్యేలు, రిటైరైన అధికారులు కూడా అనుమతి లేకుండా వాడకూడదు, కాబట్టి ఎవరైనా అడిగితే ముందు ఆఫీసు ఆర్డరు కాగితం చూపించమనండి.