జర్మన్ ‘నుమ్మర్’, ఇంగ్లీషు ‘నంబర్’: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంగ్లీషులో ‘నంబర్’ అన్న ప్రతిచోటా జర్మన్‌లో ‘నుమ్మర్’ పెట్టేస్తే చాలు.

వాస్తవం: చాలదు. నుమ్మర్ అంటే ఒకదాన్ని గుర్తుపట్టడానికి తగిలించే నంబరు: టెలిఫోన్‌నుమ్మర్, హౌస్‌నుమ్మర్ (ఇంటి నంబరు). కూడికలు, తీసివేతలు చేసే సంఖ్య ‘త్సాల్’. ఎన్ని, ఎంతమంది అన్నదానికి ‘అన్‌త్సాల్’. రాతలో కనిపించే ఒక్కో అంకె ‘త్సిఫర్’. ఇవే డచ్‌లో వరుసగా నుమ్మర్, ఖెటల్, ఆన్‌టల్, సైఫర్. స్వీడిష్‌లో నుమ్మెర్, తాల్, అన్‌తాల్, సిఫ్రా. ఇంగ్లీషు నంబర్ ఒక్కటే దాదాపు ఈ పనులన్నీ చేస్తుంది, చిక్కంతా అక్కడే.

కాబట్టి జర్మన్ నేర్చుకునే తెలుగువాళ్లు ఇంగ్లీషు మీదుగా వెళ్లకపోవడమే మేలు. మనం రోల్ నంబరు, డోర్ నంబరు, బండి నంబరు అంటాం. ‘పెళ్లికొచ్చినవాళ్ల నంబరు రెండొందలు’ అని ఎవరూ అనరు. తెలుగులో నంబరు అనే చోట నుమ్మర్, సంఖ్య అనే చోట త్సాల్ లేదా అన్‌త్సాల్, అంకె అనే చోట త్సిఫర్ పెట్టి చూడండి, చాలావరకు కుదురుతుంది. ఫారంలో ‘అన్‌త్సాల్ డెర్ పెర్జోనెన్’ అని ఉంటే ఎంతమందో రాయాలి, 3 అనో 4 అనో. ఐడీ నంబరు కాదు.

కుదరని చోట్లూ ఉన్నాయి. జర్మనీ పిన్‌కోడ్‌కు 5 అంకెలు. దాంతో ఏ లెక్కా చెయ్యం, అయినా పేరు ‘పోస్ట్‌లైట్‌త్సాల్’. స్వీడన్‌లో అదే ‘పోస్ట్‌నుమ్మెర్’. ఇలాంటివి బట్టీ పట్టాల్సిందే.

అపోహ: నుమ్మర్, నంబర్ రెండూ ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకదాన్నుంచి ఇంకొకటి వచ్చింది.

వాస్తవం: మూలం లాటిన్ ‘నుమెరుస్’ అయినా దారులు వేరు. ఇంగ్లీషుకు అది ఫ్రెంచి ‘నోంబ్ర్’ ద్వారా వచ్చింది. మ, ర మధ్య పలుకుబడి కోసం బ దూరింది. లాటిన్ ‘కామెరా’ నుంచి వచ్చిన ‘ఛేంబర్’లోనూ అదే బ. మన నంబరులో ఉన్నదీ ఆ ఫ్రెంచి బకారమే. జర్మన్‌కు మాత్రం 16వ శతాబ్దంలో ఇటలీ వర్తకుల పద్దుల నుంచి ‘నుమెరో’ వచ్చింది, అందుకే అందులో బ లేదు.

స్పెల్లింగులో ఒక మెలిక: నంబర్లు వెయ్యడం అనే క్రియ ‘నుమ్మెరీరెన్’ను 1996 జర్మన్ స్పెల్లింగు సంస్కరణ నుంచి రెండు ఎమ్‌లతో రాయాలి. ‘నుమెరిష్’ (సంఖ్యాపరమైన)కు మాత్రం ఇప్పటికీ ఒకటే.

అపోహ: నంబర్‌ను కుదించి ఎన్, ఓ అని రాయడం ఇంగ్లీషువాళ్ల అలవాటు.

వాస్తవం: ఇంగ్లీషు ‘నంబర్’ స్పెల్లింగులో ‘ఓ’ అనే అక్షరమే లేదు. అవి లాటిన్ ‘నుమెరుస్’కు మరో రూపమైన ‘నుమెరో’లోని మొదటి, చివరి అక్షరాలు. జర్మన్, డచ్, స్వీడిష్‌లలో ఎన్, ఆర్ అని రాస్తారు.

అపోహ: సంఖ్యలకు సంబంధించిన మాటలన్నీ లాటిన్ అప్పే.

వాస్తవం: త్సాల్, ఖెటల్, తాల్ అచ్చమైన జర్మనిక్ (జర్మన్, డచ్, స్వీడిష్, ఇంగ్లీషుల భాషాకుటుంబం) మాటలు, బ్యాంకులో డబ్బు లెక్కపెట్టే ‘టెల్లర్’ వాటికి బంధువు. ఇంగ్లీషు టూ, త్రీ, టెన్ కూడా లాటిన్ నుంచి తెచ్చుకున్నవి కావు. లాటిన్ దువో, త్రేస్, దెకెమ్‌లకూ, సంస్కృత ద్వి, త్రి, దశలకూ అవి తోబుట్టువులు. త్సిఫర్, సైఫర్, సిఫ్రాల కథ వేరు. వాటి మూలం అరబ్బీ ‘సిఫ్ర్’, అంటే సున్న. సంస్కృత ‘శూన్య’కు అరబ్బులు చేసుకున్న అనువాదం అది. యూరప్‌లో ఆ పేరు క్రమంగా అంకెలన్నిటికీ పాకిపోయింది. సున్నకేమో జర్మన్‌లో లాటిన్ సంతతి ‘నుల్’ స్థిరపడింది.