బేస్ మోగితే హెడ్‌లైట్లు ఎందుకు మసకబారతాయి?

చిత్తూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "కారు డిక్కీలో వెయ్యి వాట్ల యాంప్ (యాంప్లిఫయర్) పెట్టించాను. బేస్ పడినప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారుతున్నాయి. యాంప్‌కి లావు వైరు వేయిస్తే పోతుందా?"

పోదు. లావు వైరు వేయించాల్సిందే గానీ, అది వేరే రోగానికి మందు.

వెయ్యి వాట్ల సౌండుకి యాంప్ సుమారు 1,250 వాట్లు లాగుతుంది. ఇంట్లో 230 వోల్టుల దగ్గర అది అయిదున్నర ఆంపియర్లు. కారులో 13.8 వోల్టుల దగ్గర 90 ఆంపియర్లు! బడిలో సర్క్యూట్ బొమ్మ గీసి "వైర్లకు నిరోధం లేదనుకోండి" అంటారే, ఆ అనుకోవడం ఇక్కడ చెల్లదు. బానెట్ నుంచి డిక్కీ దాకా అయిదు మీటర్ల రాగి వైరు, 10 చదరపు మిల్లీమీటర్లది, నిరోధం 0.0086 ఓమ్. 90తో గుణించండి. 0.77 వోల్టు దారిలోనే పోయింది, 70 వాట్ల వేడిగా. 25 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.31. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవకే గానీ, అందులో నష్టం ఒకటిన్నర రెట్లు.

మన పల్లెల్లో లైను చివరున్న బోరు మోటారును గుర్తు తెచ్చుకోండి. అది మూలుగుతూ తిరుగుతుంటే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో బల్బు నిక్షేపంగా వెలుగుతుంది. యాంప్ వైరులో పోయిన వోల్టేజీ కూడా అంతే, యాంప్‌కే నష్టం. హెడ్‌లైట్లది వేరే లైను. అవి కూడా డల్ అయ్యాయంటే ట్రాన్స్‌ఫార్మరే చాలడం లేదన్నమాట. కారులో ఆ పని ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ది. అలిపిరి టోల్‌గేట్ క్యూలో ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు అది తన పూర్తి కరెంటు ఇవ్వలేదు. తక్కువ పడింది బ్యాటరీ ఇవ్వాలి. నిండుగా చార్జయిన బ్యాటరీ అయినా 12.6 వోల్టులే. అలా ఆల్టర్నేటర్ ఇచ్చే 14 వోల్టులు కాస్తా 12.5కి పడిపోతాయి.

నాకు భలే నచ్చేది ఇక్కడుంది. హాలోజన్ బల్బు వెలుగు వోల్టేజీకి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. కాబట్టి 12.5 దగ్గర మూడో వంతు వెలుగు మాయం. మామూలు యాంప్ పవర్ మాత్రం వోల్టేజీ వర్గంలో తగ్గుతుంది. 20 శాతం పోయినా అది ఒక్క డెసిబెల్, చెవికి సరిగా ఆనదు. కన్ను ముందే పట్టేస్తుంది. ఎల్‌ఈడీ లైట్లయితే డ్రైవర్ సర్క్యూట్ వెలుగు నిలబెట్టేస్తుంది, జబ్బు బయటపడదు.

దిష్టి తగిలిందని బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కడితే నాకేం అభ్యంతరం లేదు. నిమ్మకాయకి రాగి, జింకు గుచ్చితే దగ్గర దగ్గర ఒక వోల్టు వస్తుంది కూడా. ఆంపియర్లే రావు.

మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది యాంప్ పాజిటివ్ మీద పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ గట్టిగా మోగించండి. కనిపించే అంకె నేరుగా వైరులో పోయిన వోల్టేజీ. నెగటివ్ వైపూ అలాగే చూడండి. అక్కడే ఎక్కువ చూపిస్తే, నెగటివ్ వైరును కారు బాడీకి బిగించే ఎర్త్ బోల్టు కింద పెయింటు ఉండిపోయిందేమో. ఇనుము మెరిసేదాకా గీకించండి. రెండు వైపులా కలిపి నేనైతే అర వోల్టు దాటనివ్వను. కొత్త వైరుకి బ్యాటరీ నుంచి అర మీటరు లోపే ఫ్యూజు ఉండాలి.

షాపులో కెపాసిటర్ (కరెంటును కాస్త దాచుకుని, అవసరమైనప్పుడు ఇచ్చేది) పెట్టించమంటారు. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 నుంచి 12.5కి దిగేలోపు ఇచ్చేది 20 జౌళ్లు. మీ యాంప్‌కి అది 16 మిల్లీసెకన్ల మేత, ఒక్క డ్రమ్ము దెబ్బకి కూడా చాలదు. ఆ డబ్బుతో ఆల్టర్నేటర్-బ్యాటరీ వైరు, ఇంజిన్-బాడీ ఎర్త్ వైరు లావువి వేయించండి. అప్పటికీ లైట్లు వాలిపోతుంటే పెద్ద ఆల్టర్నేటర్ పెట్టించాలి, లేదా వాల్యూమ్ తగ్గించాలి.