కాలు కాలిన పిల్లి

మా లడ్డూకి పదమూడేళ్ళు నిండిన వేసవిలో, దానికి మళ్ళీ చిన్నతనం వచ్చిందని ఇంట్లో అందరం మురిసిపోయాం. రెండేళ్ళుగా కిటికీ గట్టు దిగడానికే బద్ధకించిన పిల్లి తెల్లవారుజామున మూడింటికి లేచి హాలంతా పరుగులు పెట్టేది. గిన్నె నాకి నాకి ఖాళీ చేసి, ఇంకా కావాలని అక్కడే కూర్చుని అరిచేది. అమ్మ చేపలు కడుగుతుంటే ఒకప్పుడు గుమ్మం దగ్గర మర్యాదగా కూర్చునేది కాస్తా సింకులోకే దూకబోయేది. "ముసలితనంలో ఆకలి పుట్టింది, పోన్లే, మంచిదే" అంది అమ్మ. బాగా తింటోందంటే బాగున్నట్టే అని మన లెక్క. పసిపిల్లలకీ పశువులకీ ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. ముసలి పిల్లి దగ్గరే తప్పుతుంది.

ఆగస్టులో ఒకరోజు ఎత్తుకుంటే వెన్నుపూసలు ఒక్కొక్కటే వేళ్ళకు తగిలాయి. రోజూ చూసే కళ్ళకు చిక్కిపోవడం కనపడదు, అందులోనూ బొచ్చు చాటున. బుట్టలో కూర్చోబెట్టి వీధి చివర కిరాణా కొట్టుకు తీసుకెళ్ళి, పప్పులు తూచే మిషన్ మీద పెట్టాం. బుట్ట బరువు తీసేస్తే మూడున్నర కిలోలు. ముందటేడు టీకా కార్డు మీద 4.6 అని ఉంది. కిలో అంటే ఏముందిలే అనిపిస్తుంది గానీ, అరవై కిలోల మనిషికి లెక్కేస్తే అది పద్నాలుగు కిలోలు తగ్గడం. అదీ కడుపునిండా తింటూ.

మొదట చూపించిన చోట నులిపురుగుల మందు, బలానికి ఒక సిరప్ రాసి పంపారు. నెల వృథా అయింది. రెండోసారి చూసిన డాక్టరమ్మ ప్రశ్నలేవీ అడగకుండానే పిల్లి గడ్డం పైకెత్తి, గొంతుకు రెండు పక్కలా వేళ్ళు పెట్టి, ఛాతీ దాకా మెల్లగా జార్చారు. మళ్ళీ జార్చారు. తర్వాత నా వేలు పట్టుకుని అక్కడ పెట్టారు. చర్మం కింద, నానిన శనగగింజంత ఏదో, తగిలీ తగలకుండా జారిపోయింది. అది ఉబ్బిన థైరాయిడ్ గ్రంథి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అక్కడ ఏమీ తగలదు. పిల్లి మెడలో గంట కట్టేదెవరని అడుగుతారు. థైరాయిడ్ ఎక్కువయ్యే ఈ జబ్బు తన గంట తనే మెడలో కట్టుకుని వస్తుంది, తడిమి చూసేవాళ్ళే తక్కువ.

థైరాయిడ్ మనకు గొంతు ముందు సీతాకోకచిలుకలా ఉంటుంది. పిల్లికి ఆ రెండు రెక్కలూ విడివిడిగా గాలిగొట్టానికి చెరోపక్కా ఉంటాయి. తిండిలోని అయొడిన్‌ని పట్టుకుని టీ4, టీ3 అనే హార్మోన్లను తయారుచేయడం దాని పని. టీ4 అణువులో నాలుగు అయొడిన్ పరమాణువులు ఉంటాయి కాబట్టి ఆ పేరు. ఒంట్లో కణాలు ఎంత జోరుగా ఇంధనం కాల్చాలో నిర్ణయించేవి ఈ హార్మోన్లే. ఎంత తయారు కావాలో మెదడు కిందుండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ ద్వారా కబురు పంపుతుంది. కొన్ని ముసలి పిల్లుల థైరాయిడ్‌లో కొన్ని కణాలు గడ్డకట్టి పెరిగి, ఆ కబురు వినడం మానేస్తాయి. "ఇక చాలు" అని పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ని దాదాపు ఆపేసినా, వాటి పని వాటిదే. ఈ గడ్డలు నూటికి 97కి పైగా క్యాన్సర్ కావు. కానీ పదింట ఏడు పిల్లులకు రెండు పక్కలా ఉంటాయి.

పొయ్యి మంట పెద్దది చేసి మర్చిపోయినట్టే ఇక. ఎంత తిన్నా కాలిపోతుంది, అది చాలక కండ కరుగుతుంది. గుండె నిమిషానికి 240 సార్లు దాటి కూడా కొట్టుకోవచ్చు, పోనుపోనూ దాని గోడలు మందమవుతాయి. నీళ్ళు ఎక్కువ తాగడం, ఎక్కువ పోయడం, వాంతులు, బొచ్చు అట్టలు కట్టడం, అర్ధరాత్రి గొంతెత్తి ఏడ్చినట్టు అరవడం, అన్నీ అందులోవే. వేడి తట్టుకోలేక లడ్డూ ఆ వేసవంతా బాత్రూం గచ్చు మీద పొట్ట ఆనించి పడుకుంది. ఎండలు మండిపోతున్నాయి కదా అనుకున్నాం. కాలు కాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు అని మనుషుల్ని అంటాం. నిజంగా పిల్లే అలా తిరుగుతుంటే హుషారనుకున్నాం.

కొన్ని పిల్లుల్లో ఈ లక్షణాలు పూర్తిగా తిరగబడి, తిండి మానేసి నీరసంగా పడుకుంటాయి. ఇలాంటివి తక్కువే గానీ, కనిపెట్టడం ఇంకా కష్టం.

విచిత్రమేమిటంటే ఈ జబ్బు కథ మొదలైందే మొన్నమొన్న. పిల్లి మనిషితో కలిసి బతకడం వేల ఏళ్ళనాటి సంగతి. పిల్లులకు థైరాయిడ్ ఎక్కువవుతుందని మొదటిసారి స్పష్టంగా చెప్పింది మాత్రం 1979లో, న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్‌లో పనిచేసిన మార్క్ పీటర్సన్. 1983 నాటికి ఆయన బృందం 131 పిల్లుల వివరాలు ప్రచురించింది. ఇప్పుడు అమెరికా, బ్రిటన్‌లలో ముసలి పిల్లులకు వచ్చే హార్మోన్ జబ్బుల్లో ఇదే అన్నింటికన్నా ఎక్కువ. పదేళ్ళు దాటిన పిల్లుల్లో నూటికి సుమారు పదింటికి వస్తుందని అంచనా. అంతకుముందు లేదా, ఉన్నా పట్టించుకోలేదా? పట్టించుకోకపోవడం కొంత, పిల్లులు ఎక్కువకాలం బతకడం కొంత. అవి రెండూ చాలవు.

అనుమానితుల జాబితా పెద్దదే. డబ్బాల్లో వచ్చే పిల్లి తిండి, ఆ డబ్బాల లోపలి పూత, తిండిలో ఒకసారి ఎక్కువగా ఒకసారి తక్కువగా ఉండే అయొడిన్, సోయా. నాకు బాగా ఆసక్తి కలిగించింది మాత్రం సోఫాలు. 1970ల నుంచి సోఫాల్లో, కార్పెట్లలో, టీవీల్లో తొందరగా మంటలు అంటుకోకుండా పీబీడీఈ అనే రసాయనాలు కలిపారు. అవి అణువు ఆకారంలో థైరాయిడ్ హార్మోన్‌కి దగ్గరి చుట్టాలు. ఇంట్లో దుమ్ముతో పాటు నేలమీదికి దిగుతాయి. పిల్లి ఆ నేలమీదే దొర్లి, ఆ ఒంటినే పొద్దస్తమానం నాకుతుంది. పెంపుడు పిల్లుల రక్తంలో ఈ రసాయనాలు మనుషుల్లోకంటే ఎన్నో రెట్లు ఎక్కువున్నట్టు పరీక్షల్లో తేలింది. జబ్బుకి కారణం ఇదేనని ఇంకా రుజువు కాలేదు. ఆ నేలమీదే పాకుతూ, చేతులు నోట్లో పెట్టుకునే ఇంకో ప్రాణి కూడా మన ఇళ్ళలో ఉంటుంది కాబట్టి, దీని మీద పరిశోధన పిల్లులతో ఆగలేదు.

మా సంగతికొస్తే, రక్తపరీక్షలో లడ్డూ టీ4 11 వచ్చింది. ల్యాబును బట్టి కాస్త అటూ ఇటూ అయినా నాలుగు దాటకూడదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన పక్కింటి పిన్నిగారు రిపోర్టు చూసి, "థైరాయిడేనా! దానికింత టెన్షన్ ఎందుకు, అమ్మ వేసుకునే మాత్రలోంచి చిన్న ముక్క వేస్తే పోలా" అన్నారు. మంచిమనసుతోనే అన్నారు. అమ్మ పదేళ్ళుగా పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్ర, థైరాయిడ్ తక్కువైన వాళ్ళది. లడ్డూది దానికి సరిగ్గా ఎదురు జబ్బు. మంటల్లో నెయ్యి పోసినట్టే అయ్యేది. మనుషుల మందులు పిల్లికి వేసే అలవాటే ప్రమాదం. జ్వరానికి మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. దాన్ని విరిచి బయటికి పంపే ఎంజైమ్ దాని కాలేయంలో తగినంత ఉండదు.

వైద్యం నాలుగు రకాలు. అందరికీ అందుబాటులో ఉండేది మాత్ర. మనుషులకు థైరాయిడ్ ఎక్కువైతే వాడే మెథిమజోల్, కార్బిమజోల్ మందులే, డాక్టరు చెప్పిన చిన్న మోతాదులో, సాధారణంగా రోజుకి రెండుసార్లు. కార్బిమజోల్ ఒంట్లోకి వెళ్ళాక మెథిమజోల్‌గానే మారుతుంది. కొత్త హార్మోన్ తయారు కాకుండా ఇది అడ్డుపడుతుంది. అప్పటికే తయారై ఉన్న నిల్వ అయిపోవాలి కాబట్టి, ఫలితం తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది. గడ్డని మాత్రం ఇది కరిగించదు. అందుకే బతికినన్నాళ్ళూ వేయాలి, ఏళ్ళు గడిచేకొద్దీ మోతాదు పెంచాల్సి రావచ్చు. మొదటి మూడు నెలలూ కళ్ళు పెట్టుకుని చూడాలి. కొన్ని పిల్లులకు వాంతులవుతాయి, కొన్ని దురదకి ముఖం రక్కేసుకుంటాయి, అరుదుగా తెల్ల రక్తకణాలు పడిపోతాయి.

మాత్ర చాలా చేదు. నలిపి పెరుగన్నంలో కలిపితే లడ్డూ వాసన చూసి, అన్నాన్ని కాలితో కప్పెట్టినట్టు నేల గీకి వెళ్ళిపోయింది. చివరికి కుదిరిన పద్ధతి ఇదీ: నేలమీద కూర్చుని, పిల్లిని ఒళ్ళో అటువైపు తిరిగేలా పెట్టుకోవాలి. ఎడమచేత్తో తలని పైనుంచి పట్టుకుని ముక్కు ఆకాశంవైపు ఎత్తితే కింది దవడ దానంతటదే వదులవుతుంది. వెన్న రాసిన మాత్రను నాలుక వెనక్కి జార్చి, నోరు మూసి, గొంతు నిమరాలి. ముక్కు నాకిందంటే మింగినట్టు. వెంటనే సూది లేని సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల నీళ్ళు, మాత్ర అన్నవాహికలో అతుక్కుపోకుండా. మొదటి వారం నా చేతులనిండా గీతలే. మాత్ర అసలే మింగని పిల్లులకు ఇదే మందుని చెవి లోపలివైపు రాసే జెల్‌గా చేసే దేశాలున్నాయి. రాసేవాళ్ళు గ్లవ్స్ వేసుకోవాలి, లేకపోతే మందు వాళ్ళకే ఎక్కుతుంది. గర్భిణులు ఏ రూపంలోనూ ఈ మందుని ఒట్టి చేత్తో ముట్టుకోకపోవడమే మంచిది.

అన్నింటికన్నా అందమైన వైద్యం రేడియో అయొడిన్. అయొడిన్-131ని చర్మం కింద ఒక్కసారి ఇంజెక్షన్ ఇస్తారు. థైరాయిడ్‌కి అయొడిన్ మామూలుదో, రేడియోధార్మికమైనదో తెలియదు, ఆబగా పీల్చుకుంటుంది. లోపలికెళ్ళాక అది వెదజల్లే వాటిలో కణాలను చంపే బీటా కిరణాలు మిల్లీమీటరో రెండో దాటవు, పక్క అవయవాలు చాలావరకు క్షేమం. మరి గ్రంథిలో మిగిలిన మంచి కణాలు? అవి టీఎస్‌హెచ్ కబురు కోసం ఎదురుచూసి ఎదురుచూసి నిద్రపోయి ఉంటాయి, అయొడిన్ పెద్దగా తీసుకోవు. గడ్డ తన అత్యాశకి తనే బలవుతుంది, పడుకున్నవి బతికిపోయి తర్వాత మెల్లగా లేస్తాయి. నూటికి 95 దాకా పిల్లులకు ఈ ఒక్క ఇంజెక్షన్‌తో నయమవుతుంది. ఈ అయొడిన్ రేడియోధార్మికత ఎనిమిది రోజులకోసారి సగమవుతుంది. ఆ రేడియోధార్మికత దిగేదాకా పిల్లిని ప్రత్యేక వార్డులో ఉంచాలి, దాని మలమూత్రాలను కూడా లెక్కగా తీసి దాచాలి. అందుకే అనుమతులూ ఏర్పాట్లూ ఉన్న కొద్ది కేంద్రాల్లోనే చేస్తారు. మాకు ఆ దారి లేదు.

ఆపరేషన్ కూడా ఉంది. పక్కనే ఉండే పారాథైరాయిడ్ గ్రంథులకు దెబ్బ తగిలితే రక్తంలో కాల్షియం పడిపోతుంది, పైగా గుండె బలహీనంగా ఉన్న పిల్లికి మత్తు ఇవ్వాలి. ఇక నాలుగోది అయొడిన్ బాగా తగ్గించి తయారుచేసిన ప్రత్యేక ఆహారం. అది తప్ప ఇంకేదీ ముట్టకూడదు. సముద్రపు చేపలో అయొడిన్, పాలూ పెరుగులో అయొడిన్, మన ఉప్పులో సరేసరి. ఎవరో ఒకరు జాలిపడి చేపతల వేసే ఇంట్లో ఆ పథ్యం వారం నిలవదు.

అన్నిటికంటే మెలిక మూత్రపిండాల దగ్గరుంది. మోటారు ప్రెషర్ పెంచితే పాతబడిన ఫిల్టర్ నుంచి కూడా నీళ్ళు ధారగానే వస్తాయి. థైరాయిడ్ ఎక్కువైనప్పుడు మూత్రపిండాలకు రక్తం జోరుగా చేరి, సగం అరిగిపోయినవి కూడా వడపోత బాగానే చేస్తున్నట్టు కనిపిస్తాయి. వాటి పనితీరుకి కొలతగా రక్తంలో చూసే క్రియాటినిన్ అనే వ్యర్థం కండరాల నుంచి వచ్చేది. కండే కరిగిపోతే అది తగ్గుతుంది, రిపోర్టు ఇంకా ముచ్చటగా ఉంటుంది. థైరాయిడ్‌కి మందు మొదలుపెట్టాక ప్రెషర్ దిగుతుంది, ఫిల్టర్ అసలు సంగతి బయటపడుతుంది. "మందు వేశాం, కిడ్నీలు పోయాయి" అని చాలామంది మందు ఆపేస్తారు. మందు పాడుచేయలేదు, దాగున్నదాన్ని చూపించింది. అలాగని హార్మోన్‌ని మరీ కిందికి తోసేస్తే మూత్రపిండాలకు నిజంగానే చేటు. మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు ఒకసారి, తర్వాత కొన్ని నెలలకోసారి టీ4తో పాటు క్రియాటినిన్, మూత్రం, రక్తపోటు చూడమనేది అందుకే. రక్తపోటు బాగా పెరిగితే కంటి వెనక పొర ఊడి రాత్రికి రాత్రే చూపు పోతుంది. కనుపాపలు పెద్దవై, వెలుగులో కూడా చిన్నవి కాకపోతే అదే రోజు డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

లడ్డూ టీ4 ఐదో వారానికి మూడుకి దిగింది, క్రియాటినిన్ కాస్త పెరిగింది. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసి, రాత్రి మోతాదు తగ్గించారు. ఇంట్లో మార్చుకున్నవి చిన్నవే. నీళ్ళగిన్నెలు మూడు చోట్ల, తిండి కొంచెం కొంచెంగా నాలుగుసార్లు, ఎక్కి దిగడానికి అంచు తక్కువున్న ట్రే, గట్టు కింద ఒక పీట. ఇప్పుడది మూడింటికి లేవడం లేదు. ఆ పరుగుల చప్పుడు లేక నాకే మెలకువ వచ్చిన రాత్రులున్నాయి.

ఆదివారం ఆదివారం కిరాణా కొట్టుకి బుట్టతో వెళ్తాం. మొన్న 3.9. కొట్టాయన మిషన్ మీద అంకె చూసి, "దీని ధర ఎంత కొట్టమంటారు?" అన్నాడు. మాత్రల విషయంలో మాత్రం అమ్మ ఎవర్నీ నమ్మదు. తన థైరాయిడ్ మాత్రలు దేవుడి అలమారలో, పిల్లి మాత్రలు ఫ్రిజ్ మీద స్టీలు డబ్బాలో. డబ్బా మూత మీద తన చేత్తోనే కాగితం అంటించింది: "ఇది నాది కాదు."