ఇత్తడి గిన్నెలో పులుసు: పాత వంటలపై అపోహలు - వాస్తవాలు

పాతకాలపు వంటలను ఆనాటి పాత్రలతో, ఆనాటి పద్ధతిలో వండి చూడటం నాకు ఎంతో ఇష్టమైన వ్యాపకం. ఈ సంగతి తెలిసినవారు తరచుగా అడిగేది ఇత్తడి గిన్నెల గురించే.

అపోహ: పెద్దలు ఇత్తడి, రాగి గిన్నెల్లోనే వండుకున్నారు కాబట్టి వాటిలో ఏది వండినా ఆరోగ్యమే.

వాస్తవం: పెద్దలు వండింది కళాయి, అంటే లోపల తగరం పూత, పూసిన గిన్నెల్లో. ఇత్తడి అంటే రాగి, జింకుల మిశ్రమం. చింతపండు, నిమ్మరసం, మజ్జిగ వంటి పులుపు తగిలితే ఆ లోహాలు కరిగి వంటలోకి దిగుతాయి; రాగి మోతాదు మించితే వికారం, వాంతులు, కడుపునొప్పి వస్తాయి. ఆ పూత పూయించింది అందుకే. గిన్నెను నిప్పుల మీద బాగా వేడిచేసి, నవాసాగరం (అమ్మోనియం క్లోరైడ్) పొడి చల్లి, తగరం రాచి దూదితో చుట్టూ తుడిస్తే పచ్చటి ఇత్తడి క్షణాల్లో వెండిలా తెల్లబడేది. కళాయి వేసే ఆయన వీధిలోకి వచ్చిన రోజున మా అమ్మమ్మగారింట్లో అటక మీది గిన్నెలన్నీ అరుగు మీదికి చేరేవి. పూత అరిగి అడుగున పసుపురంగు కనబడిన గిన్నెలో అమ్మమ్మ స్నానానికి నీళ్లు కాచేదే తప్ప వంట చేసేది కాదు. పులుసుకైతే ఎప్పుడూ రాతితో చెక్కిన రాచ్చిప్పే. పూత లేని గిన్నెలను "పెద్దల పద్ధతి" అని అమ్మేవారు ఈ సంగతి దాచడం నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది.

ఈమధ్య ఒక అమ్మాయి అలాంటి గిన్నెలో పులిహోర పులుసు కాచి, మర్నాడు అంచున ఆకుపచ్చని చిలుము చూసి, పిల్లలకు పెట్టేశానండీ అని ఏడుస్తూ ఫోన్ చేసింది. ఒక పూట తిన్నంతమాత్రాన బెంబేలెత్తవద్దు. వాంతులు, కడుపునొప్పి ఉంటే వైద్యునికి చూపించి, మిగిలిన పులుసు పారబోయండి. సీసం కలపని తగరంతోనే కళాయి వేయించండి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కనుక ఖాళీ గిన్నెను మంట మీద ఉంచకూడదు, ఇనుప పీచుతో తోమకూడదు.

అపోహ: మిరపకాయ రాకముందు మన తిండి చప్పగా ఉండేది.

వాస్తవం: అమెరికా ఖండపు మిరప మన దేశానికి పోర్చుగీసుల ద్వారా, 1498 తర్వాతే వచ్చింది. కాని 12వ శతాబ్దంలో చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథంలోని వంటల్లో మిరియాలు, అల్లం, ఇంగువ ఉన్నాయి. మిరియాలు, శొంఠి దండిగా నూరి కాచిన చారు తాగినవారెవరూ చప్పదనం మాట ఎత్తరు. టమాటా, బంగాళాదుంప కూడా అమెరికా నుంచి వచ్చినవే కనుక, "రాయలవారి కాలపు టమాటా పప్పు" అని ఎవరైనా వడ్డిస్తే నమ్మవద్దు.