నవాబు కాలం నాటిదంటే నమ్మాలా? పాత రివాల్వర్ వయసు తేల్చే పద్ధతి

కర్నూలు, కడప వైపు తాతల నుంచి లైసెన్సు మీద వస్తున్న రివాల్వర్ ఉన్న ఇంట్లో దాని వయసు అడిగితే "నవాబుల కాలం నాటిది" అనో, "ఉయ్యాలవాడ నరసింహారెడ్డి రోజుల నాటిది" అనో చెప్తారు. రెండూ కుదరని మాటలే. ఆయుధాలు పోగేస్తున్నాడని కంపెనీవాళ్లు కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించింది 1839లో. నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరి తీసింది 1847లో. శామ్యూల్ కోల్ట్‌కు అమెరికాలో రివాల్వర్ పేటెంటు వచ్చింది 1836లో, అదీ మందు, గుండు, మందును రాజేసే చిన్న క్యాప్ విడివిడిగా పెట్టుకునే రకానికి. లోహపు తూటా వేసే రివాల్వర్లు బజారుకొచ్చింది 1850ల్లో. అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెసన్ మొదటి మోడల్ 1857 నాటిది. చేతిలో ఉన్నది తూటా పెట్టేదైతే, ఒక్క ముద్ర కూడా చదవకముందే నవాబు కథ తేలిపోయింది.

వయసు కట్టడమంటే ఇదే పనిని చివరిదాకా చేయడం. ప్రతి భాగమూ, ప్రతి ముద్రా "ఈ ఏడాదికి ముందుది కాదు" అనో, "ఈ ఏడాది తర్వాతది కాదు" అనో ఒక హద్దు చెప్తుంది. ఆ రెండు హద్దులనూ దగ్గరకు లాక్కుంటూ రావాలి.

ముందుగా ఖాళీ చేయాలి, అదీ లైసెన్సుదారు చేతుల మీదుగానే. బ్యారెల్ కిందికి వంగి తెరుచుకునే బ్రిటిష్ వెబ్లీ రకంలో ఎడమవైపు బొటనవేలికి అందే మీటను నొక్కి తెరవాలి. లోపలి నక్షత్రం ఆకారపు పలక తూటాలను పైకి లేపుతుంది. సిలిండర్ (తూటాల గదులుండే, తిరిగే భాగం) పక్కకు వచ్చే రకం వెనక భాగమంతా ఒకేసారి కనబడుతుంది. కుడివైపు చిన్న తలుపు మాత్రమే ఉన్న రకం ప్రమాదకరం, ఎందుకంటే ఒక్కో గది విడిగా తిప్పి చూసుకోవాలి, ఒకటి లెక్క తప్పితే తెలియదు. గదులన్నీ, బ్యారెల్ కూడా, టార్చి వేసి చూశాకే భూతద్దం పట్టుకోవాలి. తుప్పు పట్టి తెరుచుకోకపోతే బలవంతం చేయకుండా లైసెన్సున్న ఆర్మరర్‌కు, అంటే తుపాకులు బాగుచేసేవాడికి, అప్పగించాలి.

తెరుచుకునే తీరు కూడా ఒక హద్దే. పెద్ద తూటాలతో బ్యారెల్ కిందికి వంగే రకం 1870లో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 3తో వచ్చింది. సిలిండర్ పక్కకు తెరుచుకునే రకాన్ని కోల్ట్ 1889లోనూ, స్మిత్ అండ్ వెసన్ 1896లోనూ తెచ్చాయి.

ఇక శుభ్రం చేయడం. ఎక్కువ రివాల్వర్ల చరిత్ర చెరిగిపోయేది ఇక్కడే. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు, బూడిద పెట్టి రుద్దేస్తారు. ఇనుము మీది నీలి నలుపు పూత ఒక పలుచని ఐరన్ ఆక్సైడ్ పొర. చింతపండులోని ఆమ్లం దాన్ని తినేస్తుంది, బూడిద ముద్రల అంచులను అరగదీస్తుంది. నికెల్ పూతైతే అమోనియా ఉన్న పాలిష్ ద్రవాలు పగుళ్లలోంచి దిగి, అడుగున రాగి పొర ఉంటే దాన్ని కరిగిస్తాయి, పైపూత పొరలుగా లేస్తుంది. కావాల్సింది పలుచని మెషిన్ ఆయిల్ రెండు మూడు చుక్కలు, మెత్తటి నూలుగుడ్డ, చెవికి వాడే దూది పుల్లలు. నూనె వేసి ఒక రాత్రి వదిలేస్తే ముద్రల్లో గట్టిపడిన మట్టి మెత్తబడుతుంది. తర్వాత 10 రెట్ల భూతద్దం పట్టి, టార్చిని పక్కనుంచి, లోహానికి దాదాపు ఆనించి వేయాలి. వెలుతురు ఏటవాలుగా పడితే అరిగిన అంకె అంచులు నీడలుగా లేస్తాయి. ఎదురుగా వేస్తే ఏమీ కనబడదు. అయినా అందకపోతే కాస్త టాల్కం పౌడర్ రాసి తుడిస్తే గుంటల్లో తెల్లగా నిలుస్తుంది.

అందరూ బోల్తాపడేది బ్యారెల్ మీది తేదీల దగ్గర. తేదీ చదవగానే తయారీ సంవత్సరం దొరికిందనుకుంటారు, అది పేటెంటు తేదీ. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ మీద ఉండే 1871, 1872, 1875 తేదీలు 1900 తర్వాత చేసిన వాటి మీదా కొట్టారు. పేటెంటు తేదీల్లో అన్నిటికంటే చివరిది ఒక్కటే పనికొస్తుంది, అదీ "ముందుది కాదు" అనడానికి మాత్రమే.

బ్రిటిష్ సైనిక రివాల్వర్లు ఈ విషయంలో దయగలవి. .455 బోరు వెబ్లీ మార్క్ 6 (ఆరో రూపం), సైన్యంలోకి 1915లో వచ్చింది, ఫ్రేమ్ (మిగతా భాగాలన్నీ బిగించే అసలు ఒళ్లు) మీదే సంవత్సరం ఉంటుంది. ముద్ర అరిగినా ఆకారం చెప్తుంది: 6 అంగుళాల బ్యారెల్, అడుగు చదరంగా ఉన్న పిడి ఉంటే మార్క్ 6. పిడి అడుగు పక్షి తలలా గుండ్రంగా తిరిగి ఉంటే అంతకు ముందరి మార్కులు: 1887లో మొదటిది, 1899లో నాలుగోది, 1913లో ఐదోది. .38 బోరు ఎన్‌ఫీల్డ్ నంబర్ 2కు కుడివైపు, హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) కిందుగా కిరీటం, ఎన్‌ఫీల్డ్ పేరు, మార్కు, సంవత్సరం వరసగా ఉంటాయి. ఆ మార్కు పక్కన నక్షత్రం గుర్తు ఉందేమో చూడండి. నక్షత్రమంటే హ్యామర్‌కు బొటనవేలితో లాగే కొక్కెం లేని రకం, 1938లో వచ్చింది. మరి సంవత్సరం 1934 అని ఉండి పక్కన నక్షత్రం ఉంటే? దొంగముద్ర కానక్కర్లేదు. పాతవాటిని వర్క్‌షాపులో కొత్త రకంగా మార్చి నక్షత్రం తర్వాత కొట్టారు. భూతద్దంలో ఆ నక్షత్రం లోతు, గీత మందం మిగతా అక్షరాలతో కలవవు. ఫ్రేమ్ 1934దే, హ్యామర్ ఆ తర్వాతది. ఇలాంటి చోట ఫ్రేమ్ మాటే చెల్లుతుంది. మిగతావన్నీ మార్చదగ్గ భాగాలు.

స్మిత్ అండ్ వెసన్‌లో సంవత్సరం ఎక్కడా ఉండదు, సీరియల్ నంబర్‌ను పట్టికలో వెతికి పట్టుకోవాలి. నంబర్ పిడి అడుగున ఉంటుంది. అదే నంబర్ సిలిండర్ వెనక ముఖం మీద, బ్యారెల్ అడుగున తూటాలు నెట్టే కడ్డీ దాక్కునే చోట, కుడివైపు చెక్క పిడి లోపల కూడా ఉండాలి. నాలుగూ కలిస్తే విడిభాగాలు పుట్టుకతో వచ్చినవే. బ్యారెల్ మీది నంబర్ తేడాగా ఉంటే బ్యారెల్ మారింది. చెక్క విప్పేటప్పుడు గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ కావాలి. స్క్రూను సగం వదులు చేసి దాని తల మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే అవతలి చెక్క లేస్తుంది. సందులో కత్తి దూర్చి లేపితే చెక్క చీలుతుంది. కొన్నిటికి తాడు కట్టుకునే రింగు కోసం సైన్యం పిడి అడుగున రంధ్రం వేసింది, దాంతో ఒకటి రెండు అంకెలు ఎగిరిపోయాయి. అప్పుడు సిలిండర్ మీది నంబరే ఆధారం.

సిలిండర్‌ను పక్కకు తెరిచినప్పుడు ఫ్రేమ్ లోపల, సిలిండర్‌ను మోసే చేయి మీద కూడా ఒక నంబర్ కనబడుతుంది. అది ఫ్యాక్టరీలో భాగాలు జత కలపడానికి కొట్టుకున్న అంకె, సీరియల్ కాదు. దాన్ని పట్టికలో వెతికితే ఎక్కడికో పోతాం.

నంబర్ ముందు అక్షరం ఉంటే పని తేలిక. .38 బోరు మిలిటరీ అండ్ పోలీస్ రకంలో ఇంగ్లిష్ ‘వి’ అక్షరం 1942 నుంచి రెండో ప్రపంచ యుద్ధం ముగిసే దాకా. ‘ఎస్‌వి’ అయితే 1944 చివరి తర్వాతది. రివాల్వర్ కిందపడి పేలి ఒక అమెరికన్ నావికుడు చనిపోవడంతో లోపలి హ్యామర్ అడ్డును మార్చారు, ఆ మార్పుకు గుర్తే ‘ఎస్’. ఒక్క ‘సి’ అక్షరమైతే 1948 నుంచి. 1957 తర్వాతైతే మోడల్ నంబరే సిలిండర్‌ను మోసే ఆ చేయి దగ్గర ఉంటుంది. అయినా నంబర్ల వరస, తయారీ వరస ఒకటి కావు. ఫ్రేమ్‌కు ముందే నంబర్ పడి, నెలల తరబడి అరలో ఉండిపోయినవి ఉన్నాయి. స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ రుసుము తీసుకుని ఇచ్చే ఉత్తరంలో ఉండేది కూడా ఫ్యాక్టరీ నుంచి పంపిన తేదీయే.

ప్రూఫ్ ముద్రలది, అంటే పేల్చి పరీక్షించాక కొట్టే ముద్రలది, ఇంకో లెక్క. బెల్జియంలో లియేజ్ వాళ్ల గుడ్డు ఆకారపు ‘ఇఎల్‌జి’ ముద్ర మీద కిరీటం ఉంటే 1893 తర్వాత పరీక్షించినది. స్పెయిన్‌లో ఐబార్ వాళ్లు 1927ను ‘ఎ’ అక్షరంతో మొదలుపెట్టి ఏడాదికో అక్షరం వేశారు. ‘సి’ తర్వాత ‘సిహెచ్’ వస్తుంది కాబట్టి ఇంగ్లిష్ వరసలో లెక్కపెడితే ఏడాది తప్పుతుంది. బర్మింగ్‌హామ్ ముద్రల్లో కిరీటం కింద ‘బిఎన్‌పి’ ఉంటే 1950ల మధ్య నుంచి. దాని పక్కనే .38, .767, మూడున్నర టన్నులు అని ఉంటే కంగారు పడొద్దు. .767 అంగుళాలు తూటా డొప్ప పొడవు, టన్నులు చదరపు అంగుళానికి తట్టుకునే పీడనం. యుద్ధం అయ్యాక మిగులు సరుకుగా మామూలు జనానికి అమ్మేటప్పుడు పరీక్షించి కొట్టినవి. 1942లో చేసిన దాని మీద 1955 తర్వాతి ముద్ర ఉండటం మామూలే. బాణం గుర్తు కింద ‘ఐ’ ఉంటే భారత ప్రభుత్వ ఆస్తి. రెండు బాణాలు మొన కలిపి ఉంటే సైన్యం అమ్మేసినది.

నంబర్ అరిగిపోయినా, ఎవరో గీకేసినా, ఇంట్లో ఏ ద్రావకంతోనూ తిరిగి లేపబోవద్దు. అచ్చు కొట్టినప్పుడు గుంట కింది లోహం కూడా నలిగి దాని స్ఫటికాల అమరిక మారుతుంది. పైపొర గీకినా ఆ నలిగిన పొర మిగిలి ఉంటే, కాపర్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావకం దాన్ని మిగతా లోహం కంటే వేరుగా తింటుంది, అంకె కాసేపు తేలుతుంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో ఆ కాసేపట్లోనే ఫొటో తీస్తారు. ఒకసారి తప్పు చేస్తే ఆ పొర కూడా పోతుంది. పైగా ఆయుధాల చట్టం 1959, 8వ సెక్షన్ ప్రకారం గుర్తింపు ముద్రను చెరపడం, మార్చడం నేరం.

అదే చట్టం 45వ సెక్షన్‌లో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉంది కదా అని కొందరు లైసెన్సు వదిలేసుకుంటారు. ఆ మినహాయింపు రిపేరు చేసినా, చేయకున్నా కాల్చడానికి పనికిరాని వాటికే. 1887 నాటి వెబ్లీ అయినా పేలే స్థితిలో ఉంటే లైసెన్సు కావాలి. పరిశీలనలో తేలిన నంబర్, లైసెన్సు పుస్తకంలోని నంబర్ వేరైతే, ఒకప్పుడు గుమస్తా జత అంకెను సీరియల్‌గా ఎక్కించి ఉండొచ్చు. నాలుగు చోట్ల నంబర్లకూ దగ్గర ఫొటోలు తీసి, కలెక్టరేట్‌లో లైసెన్సింగ్ అధికారికి సవరణ దరఖాస్తు పెట్టుకోవాలి.