‘అ’ దాటని పుస్తకం

చిరంజీవి అమ్ములుకూ, దానితో పాటు క్విజ్ పోటీకి వెళ్లి వచ్చిన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

భారత క్రికెట్ జట్టుకు తొలి టెస్టు కెప్టెన్ ఎవరని అడిగితే జవాబు తట్టక బహుమతి చేజారిందనీ, అయినా ఒకదానితో ఒకటి పొంతన లేని ఇన్ని పేర్లూ తేదీలూ కంఠస్థం చేస్తే ఎవరికి ఏం ఒరుగుతుందనీ అమ్ములు రాసింది. ఓడినవాళ్లు వేసే ప్రశ్నే అయినా, మంచి ప్రశ్న.

మన పెరటి కంచె మీద పాకిన బీరపాదు మీకు గుర్తుండే ఉంటుంది. సంతలో కొన్న బీరకాయ ఒంటరిది, రెండు రోజులకే వాడిపోతుంది. పాదు మీది కాయను పట్టుకుని తీగ వెంట చేయి పోనిస్తే మాత్రం ఆకుల చాటున మరో కాయ, దాని వెనుక ఒక పిందె, ఆ పైన పువ్వు తగులుతాయి. ఒక్కోసారి ఆ తీగ పక్కింటి గోడ కూడా దూకుతుంది. అక్కడ కాసిన కాయ ఎవరిదన్న తగాదా వేరే సంగతి.

నాకు చిన్నప్పుడు దొరికిన మొదటి కాయ ఒక గాజుసీసా. అమ్మకు తలనొప్పి వస్తే అమృతాంజనం రాయడం నా పని. సీసా ఖాళీ కాగానే కడిగి అందులో చింతగింజలు దాచుకునేవాణ్ణి, ఎంత కడిగినా గింజలకు ఆ ఘాటు పట్టేది. ఆ మందు తయారుచేసినవారే ఆంధ్రపత్రిక పెట్టారని నాన్నగారు చెబితే, తలనొప్పికీ వార్తలకూ ఏమిటి సంబంధమని వాదించాను. తప్పు నాదే. కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపించారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి అక్కడ భగవద్గీతకు వ్యాఖ్య రాసినవారు కూడా ఆయనే. చూశారా, మందుసీసా నుంచి గీతదాకా తీగ ఎక్కడా తెగలేదు.

అది ఇంకా సాగుతుంది. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు, లోకంలోని విషయాలన్నిటినీ అక్షరక్రమంలో తెలుగువాళ్లకు చెప్పాలని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము తలపెట్టి, మూడు సంపుటాలు వెలువరించినా ‘అ’ అనే అక్షరం దాటక మునుపే 1923లో కన్నుమూశారు. ఒక్క అక్షరంలో అంత లోకం పట్టిందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. తరువాత ఆ బరువును భుజాన వేసుకున్నది ఎవరనుకున్నారు? మన సీసా పంతులుగారే!

లక్ష్మణరావుగారి అక్క భండారు అచ్చమాంబ. 1902లో ఆమె రాసిన ‘ధనత్రయోదశి’ని తెలుగులో తొలి కథల్లో ఒకటిగా చెబుతారు, తొలి కథే అదని వాదించేవారూ ఉన్నారు. పెళ్లయి నాగపూరు వెళ్లిన ఆ అక్క దగ్గరే తమ్ముడు ఉండి చదువుకున్నాడు. ఇక్కడే తీగ గోడ దూకుతుంది. అదే నాగపూరులో 1895లో ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన పిల్లవాడు పెద్దవాడై, 1926లో బొంబాయిలో, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. క్రికెట్ జట్టు మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి, 1932లో లార్డ్స్ మైదానంలో భారత్ ఆడిన తొలి టెస్టుకు నాయకుడయ్యాడు. ఆయన సి.కె. నాయుడు. అమ్ములూ, నీకు అందని కాయ అదే.

లక్ష్మణరావుగారు మరికొందరితో కలిసి 1901లో హైదరాబాదులో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం సుల్తాన్ బజారులో ఉంది. ఈ సెలవుల్లో నాన్నను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లు. విజ్ఞాన సర్వస్వము సంపుటాలు చూడాలని అడుగు, మూడోది దొరికితే చివరి పుట తిప్పి, ‘అ’లో ఏ మాట దగ్గర ఆయన కలం ఆగిందో నాకు ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య